కరపత్రం వెనక పెన్సిల్ రాత

నాటకం అయిన మర్నాడు మా తాతయ్య పడుకునేవాడు కాదు. తెల్లవారుజామున ఇంటికొచ్చి, నాలుగు చెంబులు నీళ్ళు పోసుకుని, అమ్మమ్మ ఇచ్చిన కాఫీ తాగి సైకిలు బయటికి తీసేవాడు. నేను వెనక క్యారేజీ మీద ఎక్కి కూర్చునేదాన్ని. ఆయన చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన గులాబీ రంగు కాగితం ఉండేది. రాత్రి ఆడిన నాటకం కరపత్రం. దాన్ని లైబ్రరీలో ఇచ్చి వస్తే గాని ఆయన లెక్కలో ఆ నాటకం ముగిసినట్టు కాదు.

1982, 83 నాటి మాట ఇది. తాతయ్య వాళ్ళిల్లు విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఉండేది. మేము గుంటూరులో ఉండేవాళ్ళం. వేసవి సెలవులు ఇవ్వగానే అమ్మ నన్ను బస్సెక్కించి అక్కడ దింపేది. తాతయ్య పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. అందరూ ‘మాస్టారూ’ అనేవాళ్ళు. కరపత్రంలో కృష్ణుడి పేరు చేతి వేలంత అక్షరాల్లో ఉండేది, అర్జునుడి పేరు కాస్త చిన్నగా, దుర్యోధనుడి పేరు దాని పక్కన. మా తాతయ్య పేరు అన్నిటికంటే కింద, మేకప్ ఆయన పేరు తర్వాత, కళ్ళు చిట్లించి చదవాల్సినంత సన్నగా ఉండేది. ఒక్కోసారి చోటు చాలక ప్రెస్సు వాళ్ళు అసలు వేసేవాళ్ళే కాదు. అలాంటి రోజుల్లో లైబ్రేరియన్ గారు ఆ పేరు తన చేత్తో రాసేవారు.

ఆ లైబ్రేరియన్ గారి గురించే చెప్పాలి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల పంచెలో ఉండేవారు. పటమట సర్వోత్తమ భవనంలో గ్రంథాలయ శిక్షణ పొందినవారు. తాతయ్య కరపత్రం ఇవ్వగానే బల్ల మీద పరిచి, మడతల మీద చెక్క స్కేలు నెమ్మదిగా లాగేవారు. పెద్ద రిజిస్టరు ఒకటి తెరిచేవారు. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపి గిన్నెలో ఉంచుకునేవారు, పురుగు పట్టకుండా. ఆ జిగురు కరపత్రం పై అంచుకి మాత్రమే, సన్నటి గీతలాగా రాసి అంటించేవారు. కాగితమంతా అంటిస్తే ఊడిపోదు కదా అని నేను అడిగాను. "అంటిస్తే వెనకవైపు పోతుందమ్మా. మనకి కావాల్సింది వెనకవైపే" అన్నారు.

అప్పుడు కళ్ళజోడు సర్దుకుని, పెన్సిల్ తీసుకుని అడిగేవారు. "చెప్పండి మాస్టారూ, రాత్రి ఏం జరిగింది?"

తాతయ్య చెబుతుంటే ఆయన కరపత్రం వెనక రాసుకునేవారు. అర్జునుడు వేయాల్సిన ఆయన రాలేదు, బస్సు దొరకలేదట, సహదేవుడి వేషానికి వచ్చిన ఆయన అర్జునుడు కట్టారు. రాయబారంలో మూడు వన్స్ మోర్లు. నాలుగో పద్యం దగ్గర కరెంటు పోయింది, పెట్రోమాక్స్ తెచ్చేదాకా కృష్ణుడు చీకట్లోనే పాడాడు, జనంలో ఒక్కరూ లేవలేదు. ఫలానా ఆయనకి గొంతు పట్టేసి శ్రుతి ఒక మెట్టు దించాం. రెండో కృష్ణుడికి ఇస్తామన్న డబ్బు పూర్తిగా ఇవ్వలేదు, సగం సీను అయ్యాక గొడవ. ఇలా ఉండేవి.

"కరపత్రం ముందు వైపు ఉన్నది జరగబోయేది, అమ్మాయ్. జరిగింది దాని మీద ఉండదు. ఎక్కడా ఉండదు" అని ఒకసారి నాతో అన్నారు. నాకు పదకొండేళ్ళు. అర్థమైందని చెప్పలేను. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన వేలు కాగితాన్ని తిరగేసిన తీరు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

తాతయ్య ఒకసారి అడిగాడు, ఇంత శ్రద్ధగా రాస్తున్నారు, పెన్నుతో రాయొచ్చుగా, పెన్సిల్ ఎందుకని. "సిరా నీళ్ళకి ఆగదండీ. పెన్సిల్ ఆగుతుంది. ఈ కాగితం రంగు కూడా నీళ్ళు తగిలితే కారిపోతుంది. కాగితం మిగిలితే మాత్రం పెన్సిల్ రాత మిగులుతుంది" అన్నారాయన. ఆ సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు తాతయ్య కొట్టు దగ్గర సైకిలాపి రెండు పెన్సిళ్ళు కొన్నాడు. నాకనుకున్నాను. కాదు.

నాటకం రాత్రుల గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. శ్రీరామనవమికి పందిళ్ళలో, దసరాకి గుళ్ళ దగ్గర, మిగతా రోజుల్లో గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయం హాల్లో నాటకాలు. ఆ చివరిదాన్ని నేను చాలా ఇష్టపడేదాన్ని. గ్రంథాలయమని పేరు, లోపల రంగస్థలం! పుస్తకాలూ నాటకమూ ఒకే గడపలో ఉండటం నాకు చిన్నప్పుడు వింతగా అనిపించేది కాదు, లోకమంతా అలాగే ఉంటుందనుకునేదాన్ని. తాతయ్య స్టేజీకి ఒక పక్కన కుర్చీ వేసుకుని కాళ్ళతో తొక్కుతూ వాయించే లెగ్ హార్మోనియం ముందు కూర్చునేవాడు. తెర వెనక ముఖానికి పూసుకునే అర్దళం రంగు వాసన, కొబ్బరినూనె వాసన, భుజకీర్తుల మీద కొత్తగా అంటించిన తగరం మెరుపు. నేను వింగ్ పక్కన గోనెపట్టా మీద.

అవి కాంట్రాక్టు నాటకాల రోజులు. ఒక కాంట్రాక్టరు తెనాలి నుంచి ఒకర్నీ, గుడివాడ నుంచి ఒకర్నీ, ఏలూరు నుంచి ఒకర్నీ పిలిచేవాడు. రిహార్సల్ ఉండేది కాదు. ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులు, ఒక్కోసారి ముగ్గురు. కృష్ణుడు పడుకుని ఉండగా అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగడానికి వచ్చే పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఇంకొకరు. ఒకరిది నాలుగు శ్రుతి, మరొకరిది ఐదు. ఒకరు పద్యం మోహన రాగంలో ఎత్తుకుంటే, అదే పద్యం ఇంకొకరు కళ్యాణిలో ఎత్తుకుంటారు. ఎవరు ఎక్కడ రాగం సాగదీస్తారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో హార్మోనియం మీద ఉన్న మనిషికి ముందే తెలియాలి. లేకపోతే పదిమందిలో నటుడి పరువు పోతుంది. అందుకని తాతయ్య నోటు పుస్తకాలు పెట్టుకున్నాడు. పద్యాలు నల్ల సిరాతో, నీలం సిరాతో గుండ్రంగా రాసుకున్నాడు. ఆ పెన్సిళ్ళు కొన్న తర్వాత పద్యాల పక్కన మార్జిన్లో పెన్సిల్ గుర్తులు మొదలయ్యాయి. ఆ నటుడి పొడి అక్షరాలు, శ్రుతి, రాగం, ఆగే చోటు.

పద్యం అచ్చు పుస్తకంలో దొరుకుతుంది. పది రూపాయలిస్తే బజార్లో దొరికేది. అది ఆ రాత్రి ఆ గొంతులో ఎలా వచ్చిందన్నది మాత్రం ఆ మార్జిన్లోనే ఉండేది.

గ్రామఫోను రికార్డులు ఉన్నాయి కదా అంటారు. లైబ్రేరియన్ గారి గదిలో కూడా కొన్ని ఉండేవి, లక్కవి, 78 స్పీడువి. తాతయ్య వాటిని విని తల అడ్డంగా ఊపేవాడు. ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పడుతుంది. స్టేజి మీద పది నిమిషాలు సాగే పద్యాన్ని ఆ మూడు నిమిషాల్లో కుదించి పాడాల్సి వచ్చేది. "రాగం ఆయనది కాదు, రికార్డుది" అనేవాడు. రేడియో మీద గౌరవం ఎక్కువ. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం మొదలైనప్పుడు తాను కుర్రవాణ్ణనీ, వీధిలో ఒకే ఒక్క సెట్టు ముందు జనం చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళనీ చెప్పేవాడు. అయితే స్టూడియోలో ప్రేక్షకులు ఉండరు కదా, వన్స్ మోర్ ఎవరంటారు అనేవాడు.

పెద్ద నటుల గురించి కూడా ఆ బల్ల దగ్గరే విన్నాను. సుద్దపల్లిలో పుట్టిన రఘురామయ్య గారు ఈలతో పద్యం పాడితే గొంతుతో పాడినట్టే మాటలు వినిపించేవట. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా స్టేజి మీదికి వస్తుంటే వేషం కట్టింది మగవాడన్న సంగతి తెలిసిన ఆడవాళ్ళు కూడా నడక చూసి నేర్చుకోవాలనుకునేవారట. తాతయ్య కుర్రతనంలో తెనాలిలో ఆయన నాటకం చూశాడు. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చినప్పుడు తన ఇంట్లో పండగ చేసుకున్నాడట. తెనాలి పేరు వస్తే ఇద్దరూ ఆగేవాళ్ళు కాదు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది అక్కడే కదా.

ఇక్కడ ఒక సంగతి. లైబ్రరీలో ఈ చిత్తు కాగితాలు ఎందుకండీ అని పత్రికలు చదువుకోవడానికి వచ్చే పెద్దమనిషి ఒకాయన అడిగారు. లైబ్రేరియన్ గారికి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. 1914 ఏప్రిల్లో ఈ విజయవాడలోనే అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్ళందర్నీ పిలిచి మొదటి మహాసభ పెట్టారనీ, దానికి అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారనీ, ఆయన రాసిన గయోపాఖ్యానం నాటకం లక్ష ప్రతులు అమ్ముడుపోయిందనీ గడగడా చెప్పారు. "మన గ్రంథాలయోద్యమాన్ని ఒక నాటకకర్త పీఠం మీద కూర్చుని మొదలుపెట్టాడండీ. నాటకం ఇక్కడ అతిథి కాదు, ఇంటి మనిషి." తర్వాత నాతో, పాతూరి నాగభూషణం గారు 1935లో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి తిప్పిన సంగతి చెప్పారు. ఆ రోజు నుంచి చాలాకాలం బందరు కాలువలో పడవ కనిపిస్తే అందులో పుస్తకాలున్నాయేమోనని చూసేదాన్ని.

ఆ రిజిస్టర్లలో నాటకాలే కాదు, బుర్రకథలు కూడా ఉండేవి. పొన్నెకల్లు నాజర్ గారి కథ జరిగిందంటే లైబ్రేరియన్ గారు స్వయంగా వెళ్ళి వచ్చి రాసుకునేవారు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరుంటారు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. కథ అచ్చులో దొరుకుతుంది. రాజకీయం చెప్పే ఆయన ఆ రోజు ఆ ఊళ్ళో రేషన్ బియ్యం గురించో, కాలువ నీళ్ళ గురించో అన్న మాటలు అచ్చులో ఎక్కడా ఉండవు. వాటినే రాసుకునేవారు లైబ్రేరియన్ గారు. ఒక ఊరు ఏ ఏడాది దేనికి నవ్విందో, దేనికి మండిపడిందో ఆ పేజీల్లో ఉంది. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ పేజీలు తీసి నాకు మళ్ళీ చదివి వినిపించారు.

తర్వాత నేను కాలేజీకి వెళ్ళాను, పెళ్ళి, గుంటూరులో ఉద్యోగం. లైబ్రేరియన్ గారు రిటైర్ అయ్యారు, కొన్నాళ్ళకి పోయారు. తాతయ్య 1996లో పోయాడు. చివరి రెండేళ్ళు హార్మోనియం దగ్గర కూర్చోలేకపోయాడు గాని, నోటు పుస్తకాలు తలగడ పక్కన ఉండాల్సిందే.

ఆ మరుసటి ఏడాది లైబ్రరీకి వెళ్ళాను. స్లాబు కారుతోందని మరమ్మతులు చేయించారట. గది ఖాళీ చేసేటప్పుడు నంబరు లేనివన్నీ పాత పేపర్లతో కలిపి కిలోల లెక్కన అమ్మేశారు. పెద్ద గోడ పోస్టర్లు, టిక్కెట్టు ముక్కలు, కాంట్రాక్టర్లు నటులకి రాసిన పోస్టు కార్డులు, గీతలు కొట్టి దిద్దిన ప్రాంప్టింగ్ పుస్తకాలు, ఆ లక్క రికార్డులు, అన్నీ. అవన్నీ ఆయన గుడ్డ మూటల్లో కట్టి, కలరా ఉండలు వేసి, మీద చీటీ పెట్టి దాచినవి. చీటీ చాలదట. అక్కడున్న అబ్బాయి మంచివాడే, ఎవరూ చెప్పలేదు మేడమ్ అన్నాడు. ఆ అబ్బాయిని నేనేమీ అనలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

రిజిస్టర్లు మాత్రం మూడూ మిగిలాయి. ఎందుకో తెలుసా? వాటికి యాక్సెషన్ నంబరు ఉంది. లైబ్రరీలో ఏ పుస్తకమైనా చేరగానే చిట్టాలో ఎక్కించి ఒక వరస నంబరు వేస్తారు. ఒకసారి ఆ నంబరు పడిందంటే కాగితం మీద కారణం చూపించకుండా, పైవాళ్ళ అనుమతి లేకుండా తీసేయడానికి వీల్లేదు. లైబ్రేరియన్ గారు కరపత్రాలు అంటించిన రిజిస్టర్లని పుస్తకాలుగా చూపించి నంబర్లు వేశారు. మూటలకి వేసే టైము ఆయనకి చిక్కలేదు. ఒక స్టాంపు ముద్ర, పక్కన నాలుగంకెలు. ఉన్నదానికీ లేనిదానికీ తేడా అంతే. ఇది నాకు ఇప్పటికీ గుండెల్లో గుచ్చుకుంటుంది.

అప్పుడే తాతయ్య నోటు పుస్తకాలు కూడా తీసుకెళ్ళి ఇచ్చి నంబరు వేయించి ఉండాల్సింది. మామయ్య ఇవ్వనన్నాడు. నాన్న చేతి రాత, ఇంట్లోనే ఉండాలన్నాడు. నాకూ లోపల భయంగానే ఉంది, మళ్ళీ కిలోల లెక్కన పోతాయేమోనని. అలా ఆ ట్రంకుపెట్టె మంచం కిందే ఉండిపోయింది.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం. బుడమేరు వాగు పొంగింది. సింగ్ నగర్ మునిగింది. మామయ్య వాళ్ళు ప్రాణాలు దక్కించుకుని మేడ మీదికి ఎక్కారు. పెట్టె ఎవరికి గుర్తుంటుంది? గుర్తుండాలని కూడా నేననను. రోజుల తరబడి నీళ్ళు. మేము ఆ ఇంటికి చేరేసరికి గోడల మీద మనిషెత్తున బురద గీత. ట్రంకుపెట్టె మూత లోపలి కాగితం ఉబ్బి బిగుసుకుపోయింది. గునపంతో ఎత్తి తీశాం.

ఐదు నోటు పుస్తకాలు. ఒక్కోటీ తడిసిన ఇటుకలాగా ఉంది. మామయ్య ఎండలో ఆరబెడదామని మొదటిదాన్ని విప్పబోతే వద్దని గట్టిగా అరిచాను. విప్పితే పేజీలు ముద్దగా ఊడొస్తాయి. ఎండలో పెడితే వంకర్లు తిరిగి పెళుసెక్కుతాయి. అలా వదిలేస్తే రెండు మూడు రోజుల్లో బూజు. గ్రంథాలయ శాస్త్రం చదివిన స్నేహితురాలికి ఫోన్ చేశాను. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టెయ్, బూజు ఆగుతుంది, ఒక్కోటీ తీసి తీరిగ్గా ఆరబెట్టుకో అంది. గుంటూరు తెచ్చి మా ఇంటి ఫ్రీజర్ ఖాళీ చేశాను. ఐస్‌క్రీమ్ తీసి తాతయ్యని పెట్టావా అమ్మా అంది మా అమ్మాయి, కళ్ళనిండా నీళ్ళతో.

నాలుగు నెలలు పట్టింది. ఒక్కో పుస్తకం కరిగాక నిలబెట్టి, పేజీల మధ్య అద్దుడు కాగితాలు పెట్టి, పూటపూటకీ మారుస్తూ, ఫ్యాను గాలికి. పేజీ విడిపోవడానికి చాకు వెన్ను వాడలేదు, నూనె రాయని వెదురు పుల్ల వాడాను. మొదటి పేజీ విడిపోయినప్పుడు చూస్తే పద్యం లేదు. నీలం మరక, చెరువులాగా పరుచుకుని. రెండో పేజీ, మూడో పేజీ, అన్నీ అంతే. గుండ్రటి అక్షరాలన్నీ నీళ్ళలో కలిసిపోయాయి.

మార్జిన్లో పెన్సిల్ రాత ఉంది.

చెక్కు చెదరలేదు. ‘పడక, 3. మోహన. ఐదు.’ కింద గీత. ‘ఇక్కడ సాగదీస్తాడు, నువ్వు ఆగు.’ ఇంకో పేజీలో ‘ఈయనకి దగ్గు. మెట్టు దించు.’ ‘తెనాలి వాళ్ళు ఈ పాదం దగ్గర వన్స్ మోర్ అంటారు, సిద్ధంగా ఉండు.’ పద్యాలు పోయాయి, అవి ఏ పుస్తకాల దుకాణంలోనైనా దొరుకుతాయి. ఇవి ఇంకెక్కడా లేవు. లైబ్రేరియన్ గారి గది, ఆ చెక్క స్కేలు, కొట్టు దగ్గర సైకిలాపి తాతయ్య కొన్న రెండు పెన్సిళ్ళు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఆ పుస్తకం ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

ఈ జనవరిలో ఐదు పుస్తకాలూ స్కాన్ చేయించాను. మామయ్య ఈసారి అడ్డు చెప్పలేదు, తనే అట్టపెట్టె తెచ్చాడు. విజయవాడ తీసుకెళ్ళి ఆ లైబ్రరీలోనే ఇచ్చాం. ఇప్పుడున్న లైబ్రేరియన్ పాతికేళ్ళ అమ్మాయి. ముందు నంబరు వేయండమ్మా, తర్వాతే టీ తాగుతాను అన్నాను. నా ఎదురుగానే చిట్టా తెరిచి, ఐదింటికీ వరసగా నంబర్లు వేసి, స్టాంపు కొట్టింది. పాత రిజిస్టర్లు మూడూ పడుకోబెట్టిన బీరువాలోనే, వాటి పక్కన చోటు చేసింది.

అమ్మ కూడా వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, అయినా మెట్లెక్కింది. ఆ అమ్మాయి ఒక పేజీ తెరిచి, మరక మీద వేలు ఆనకుండా చూపిస్తూ, "ఇక్కడ ఏ పద్యం ఉండేదో మీకేమైనా తెలుసా అండీ, కేటలాగులో రాసుకుంటాను" అని అడిగింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పెన్సిల్ గుర్తులు చూసింది. పెదాలు కదిలాయి. చిన్నప్పుడు తాతయ్య ప్రాక్టీసు చేస్తుంటే పక్క గదిలో పప్పు రుబ్బుతూ విన్న పద్యం. సన్నటి గొంతుతో ఎత్తుకుంది. ఆ అమ్మాయి గబగబా ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కింది. రెండో పాదం సగంలో, మార్జిన్లో చిన్న అడ్డగీత ఉన్న చోట, అమ్మ ఆగింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ ఎత్తుకుంది.